అరబ్బు వలసదారుల ఇంటి వైద్యము: కాపరి అడుగవలసిన ప్రశ్న

పరిచయము

రోగి మంచము ప్రక్కన నిలిచి ప్రార్థన చేయుట కాపరి పరిచర్యలో ఒక భాగము. అయితే ఆ రోగి తలగడ క్రింద ఏ పొట్లము ఉన్నదో మనలో అనేకులము అడుగము. వైద్యుడు వ్రాసి ఇచ్చిన మాత్రలు అందరికి కనబడునట్లు బల్లమీద ఉండును. ఇంటివారు పెట్టు మందు మాత్రము కంటికి కనబడకుండ ఉండును. కనబడని ఈ మందును గూర్చి, ముఖ్యముగా అమెరికాలో స్థిరపడిన అరబ్బు వలసదారుల మధ్య దాని వాడుకను గూర్చి, ఈ వ్యాసములో వివరింప గోరుచున్నాము.

తెలుగు కాపరులకు అరబ్బు వలసదారులతో ఏమి పని అని కొందరు అడుగవచ్చును. మొదటిగా, అమెరికా పట్టణములలోని తెలుగు సంఘములలో వైద్యులు, నర్సులు ఉన్నారు. వారు ఆసుపత్రులలో అరబ్బు కుటుంబములకు సేవ చేయుచున్నారు. రెండవదిగా, గల్ఫ్ దేశములలో మనవారు పని చేయుచున్నారు. యెమెన్, ఒమన్, ఇరాక్, సూడాన్ దేశముల రోగులు వైద్యము కొరకు హైదరాబాదుకు వచ్చుచున్నారు. హైదరాబాదులోని బార్కస్ ప్రాంతములో, నిజాము సైన్యములో పనిచేయుటకు యెమెన్‌లోని హద్రమౌత్ నుండి వచ్చిన అరబ్బుల సంతతివారు నేటికిని నివసించుచున్నారు. మూడవదిగా, ఇదే ముఖ్యమైనది, వారి ఇండ్లలో జరుగుచున్నది మన సంఘములలోను జరుగుచున్నది. పొరుగువాని ఇంటిలో చూచినప్పుడు మన ఇంటి సంగతి మనకు తేటగా తెలియును.

మొదట పదములను స్పష్టము చేసికొందము. ఒక జనాంగము తరతరములుగా వాడుకొనుచున్న వైద్యమును సాంప్రదాయ వైద్యము అందురు. ఆసుపత్రి వైద్యముతో పాటు దానిని వాడినయెడల అది పూరక వైద్యము. ఆసుపత్రి వైద్యమును మాని దాని స్థానములో వాడినయెడల అది ప్రత్యామ్నాయ వైద్యము. ఒకే మెంతుల నీరు ఒక ఇంటిలో పూరకము, వేరొక ఇంటిలో ప్రత్యామ్నాయము కావచ్చును. మొదటి ఇంటిలో మాత్రలతో కలిసినప్పుడు ఏమగునో చూడవలెను. రెండవ ఇంటిలో మాత్రలు ఎందుకు మానిరో అడుగవలెను. కాపరి ఈ భేదమును మరువరాదు.

1. వలస వచ్చినవారు ఎవరు?

అరబ్బులు అనగానే ముస్లిములని మనము తలంచుట పొరపాటు. 1880 ప్రాంతము నుండి 1924 వరకు అమెరికాకు వచ్చిన మొదటి గుంపులో అధికులు క్రైస్తవులు. వారు ఒట్టోమాను సామ్రాజ్యములోని లెబనోను పర్వత ప్రాంతము, సిరియా నుండి వచ్చిన మారొనైటులు, మెల్కైటులు, ఆర్థొడాక్సువారు. 1924 చట్టము వలసలను బిగించెను. 1965 చట్టము మరల ద్వారము తెరచెను. 1967 యుద్ధము, 1975 నుండి 1990 వరకు సాగిన లెబనోను అంతర్యుద్ధము, 1991 లోను 2003 లోను ఇరాకులో జరిగిన యుద్ధములు, 2011 లో సిరియాలో మొదలైన యుద్ధము ఒక్కొక్కటి ఒక్కొక్క గుంపును సముద్రము దాటించెను.

మిషిగన్ రాష్ట్రములో డెట్రాయిట్ ప్రక్కనున్న డియర్‌బోర్న్ వీరి నివాసములలో ప్రసిద్ధమైనది. అచ్చటి ఫోర్డ్ కార్ల కర్మాగారము వారిని మొదట ఆకర్షించెను. లెబనోను, యెమెన్, ఇరాక్, పాలస్తీనా ప్రజలు అచ్చట ఉన్నారు. సుమారు 1,10,000 మంది గల ఈ పట్టణములో సగమునకు మించినవారు మధ్యప్రాచ్య, ఉత్తర ఆఫ్రికా మూలములు గలవారని 2020 జనాభా లెక్కలు చూపినవి. డెట్రాయిట్ చుట్టుప్రక్కల ఇరాకు నుండి వచ్చిన కల్దీయ క్రైస్తవులును అధికముగా ఉన్నారు. వారి మాతృభాష అరామిక్. వారిలో అనేకులు తమను అరబ్బులని పిలిపించుకొనరు. ఐగుప్తు నుండి వచ్చిన కోప్తులలోను అట్టివారు కలరు. కావున "మీరు అరబ్బులు గనుక మీ ఆచారము ఇదే" అని ఎవరితోను అనరాదు.

అమెరికా ప్రభుత్వము చాలకాలము వీరిని తెల్లజాతివారి లెక్కలోనే చేర్చెను. మధ్యప్రాచ్య, ఉత్తర ఆఫ్రికా అను ప్రత్యేక వర్గము ప్రభుత్వ ప్రమాణములలోనికి వచ్చినది 2024 లోనే. అందువలన వీరి రోగములు, వీరు వాడు మందులు ఆరోగ్య లెక్కలలో వేరుగా కనబడలేదు. డియర్‌బోర్న్‌లో 1971 లో మొదలైన ఆక్సెస్ అను సేవాసంస్థ అరబ్బీ తెలిసిన సిబ్బందితో వలసదారుల మధ్య పని చేయుచు, ఆరోగ్య కేంద్రమును కూడ నడుపుచున్నది.

2. ఈ వైద్యమునకు మూడు ఊటలు

అరబ్బు వలసదారుల ఇంటి వైద్యమునకు మూడు మూలములు కలవు.

మొదటిది, గ్రీకు మూలము గల శాస్త్రీయ వైద్యము. హిప్పొక్రటీసు, గాలెను గ్రంథములు 9వ శతాబ్దములో బాగ్దాదు పట్టణములో అరబ్బీలోనికి వచ్చినవి. ఆ పనిలో అగ్రగణ్యుడు హునైన్ ఇబ్న్ ఇస్‌హాక్ (809-873). ఈయన తూర్పు సంఘమునకు చెందిన క్రైస్తవుడు. సిరియక్ భాషలో ఆరాధించిన క్రైస్తవ పండితులు ఖలీఫాల ఆస్థానములో వైద్యులుగాను అనువాదకులుగాను పని చేసిరి. తరువాత ఇబ్న్ సీనా (980-1037) వ్రాసిన 'కానూన్' లాటిను అనువాదములో ఐరోపా విశ్వవిద్యాలయములలో శతాబ్దముల తరబడి పాఠ్యగ్రంథమాయెను. హైదరాబాదు చార్మినారు ప్రక్కన నేటికిని నడచుచున్న యునానీ ఆసుపత్రి ఈ ధారకు చెందినదే. యునానీ అనగా గ్రీకుదేశపుది అని అర్థము. కావున ఈ వైద్యము ఇస్లాము మతమునకు మాత్రమే చెందినదని అనుకొనుట చరిత్రకు విరుద్ధము.

రెండవది, ప్రవక్త వైద్యము అనబడునది. తేనె, హిజామా, నల్ల జీలకర్ర మొదలగువాటిని గూర్చి ముహమ్మదు ప్రవక్త చెప్పినట్లు హదీసులలో ఉన్నవాటిని సమకూర్చిన సంప్రదాయమిది. 14వ శతాబ్దపు డమాస్కు పండితుడు ఇబ్న్ కయ్యిమ్ అల్ జౌజియ్యా ఈ విషయముపై వ్రాసిన గ్రంథము నేటికిని చదువబడుచున్నది.

మూడవది, అమ్మమ్మల వైద్యము. ఏ గ్రంథములోను లేక వంటగదిలో తల్లి నుండి కుమార్తెకు వచ్చునది. ఆచరణలో ఈ మూడును కలిసిపోవును. ఈ మూలిక గాలెనుదా, హదీసులోనిదా, అమ్మమ్మదా అని రోగి విడదీసి చూడడు. అది తనవారిది, అంతే.

3. ఇంటిలోని మందులు

వీటిలో అనేకము మన వంటింటి పోపుల పెట్టెలోనే ఉన్నవని తెలిసికొన్నప్పుడు మనకు ఆశ్చర్యము కలుగును.

నల్ల జీలకర్ర, అనగా కలోంజి. అరబ్బీలో హబ్బత్ అల్ బరకా, అనగా ఆశీర్వాదపు గింజ. మరణమునకు తప్ప అన్నిటికి ఇది మందు అని హదీసు చెప్పుచున్నది గనుక ముస్లిములలో దీనికి గొప్ప గౌరవము. గింజలుగాను నూనెగాను వాడుదురు. గల్ఫ్ నుండి వచ్చు మనవారి సంచులలో కూడ ఈ నూనె కనబడుచుండును.

మెంతులు, హిల్బా. పాలు పడుటకు బాలింతలకు, చక్కెర వ్యాధి గలవారికి ఇచ్చెదరు. ప్రసవము తరువాత నలువది దినములు తల్లిని కదలనీయక వేడి పానీయములతో కాపాడుట వారి ఆచారము. మన బాలింత పథ్యము వంటిదే.

యాన్సూన్, సోంపును పోలిన గింజ. పసిపిల్లల కడుపునొప్పికి దీని నీరు పట్టుదురు. జఅతర్, వాము వాసన గల ఆకు, దగ్గునకు వాడుదురు. మరమియ్యా, తులసి కుటుంబపు ఆకు. కడుపునొప్పికి టీ వలె కాచుకొందురు. బాబూనజ్, చామంతిని పోలిన చిన్నపువ్వు; నిద్రకును నెమ్మదికిని. సనా మక్కీ, మన సునాముఖి, విరేచనమునకు. ఇర్క్ సూస్, మన అతిమధురము. రమదానులో చల్లని పానీయముగా త్రాగుదురు. కర్కదే, మన గోంగూర జాతి మొక్క కాయలపై నుండు ఎర్రని తొడుగుల కషాయము. ఐగుప్తు, సూడాను ప్రజలకు ప్రీతికరము. తేనెయు ఒలీవ నూనెయు లేని ఇల్లు ఉండదు.

ఈ సరుకులు అమ్మువానిని అత్తార్ అందురు. మనకు అత్తరు అనగా పరిమళ ద్రవ్యము; వారికి అత్తార్ సుగంధ ద్రవ్యములును మూలికలును అమ్ముచు సలహాయు చెప్పువాడు. డియర్‌బోర్న్ కిరాణా దుకాణములలో ఈ మూలికలన్నియు అరబ్బీ పేర్లతోనే దొరకును. ఇంగ్లీషు రాని వృద్ధురాలికి ఆ దుకాణములో దుబాసీ అవసరము లేదు. వైద్యము అచ్చట ఆమె మాతృభాషలో ఉన్నది. ఈ సంగతిని మనము తేలికగా తీసికొనరాదు.

4. చేతి వైద్యము, మాట వైద్యము

హిజామా అనగా చర్మముమీద గిన్నెలు బోర్లించి గాలిని పీల్చి, చిన్న గాట్లు పెట్టి రక్తము తీయుట. గాట్లు లేకుండ చేయు పద్ధతియు కలదు. నడుమునొప్పికి, తలనొప్పికి, అలసటకు దీనిని చేయించుకొందురు. వాత పెట్టుట పూర్వము అధికము, ఇప్పుడు తగ్గినది. విరిగిన ఎముకలు కట్టు ముజబ్బిర్‌లు గ్రామములలో ఉందురు. మన పుత్తూరు కట్టువారిని తలంచుకొనవచ్చును.

మాట వైద్యములో ముఖ్యమైనది రుక్యా. రోగిపై ఖురాను భాగములు చదివి, నీటిపైనను నూనెపైనను ఊది ఇచ్చుట. దృష్టి తగులుట అను నమ్మకము ముస్లిములలోను క్రైస్తవులలోను ఉన్నది. బిడ్డను మెచ్చుకొనునప్పుడు ముస్లిము "మాషా అల్లా" అనును. లెబనోను క్రైస్తవ తల్లి సిలువ నామమును పలుకును. ఇద్దరి బిడ్డల బట్టలకును నీలిపూస ఉండవచ్చును. మారొనైటు కుటుంబములు అన్నాయాలోని సన్యాసి షర్బెల్ సమాధియొద్ద నుండి తెచ్చిన నూనెను రోగికి పూయుదురు. 1898 లో మరణించిన ఈయనను రోమను కతోలిక సంఘము 1977 లో పరిశుద్ధునిగా ప్రకటించెను. ఆ సమాధియొద్దకు ముస్లిములును వచ్చుదురు.

మనోవేదనను శరీర బాధగా చెప్పుట వారిలో సాధారణము. యుద్ధములో కుమారుని పోగొట్టుకొన్న ఇరాకు తల్లి "నాకు దిగులు వ్యాధి" అని చెప్పదు. గుండె బిగిసినదనియు, నఫ్స్ అలసినదనియు చెప్పును. అరబ్బీలోని నఫ్స్, మనము హెబ్రీ తరగతిలో నేర్చుకొన్న నెఫెష్, రెండును ఒకే ధాతువునకు చెందినవి. ఆమె చెప్పుచున్నది కీర్తనకారుని భాష. రక్తపరీక్షలో అది కనబడదు.

5. అపాయము ఎక్కడ ఉన్నది?

పై మందులలో అనేకము ఆహారముగా వాడినంత వరకు హానికరములు కావు. అయితే కొన్ని సందర్భములలో ప్రాణాపాయము కలదు. కాపరి వైద్యుడు కాడు. అయినను ఈ కొన్నింటిని ఎరిగియుండుట మంచిది.

చక్కెర వ్యాధికి మాత్రలో ఇన్సులినో వాడువారు మెంతులను, నల్ల జీలకర్రను మందు మోతాదులో కలిపినయెడల చక్కెర ఒక్కసారిగా పడిపోవచ్చును. అతిమధురము అధికముగా త్రాగినచో రక్తపోటు పెరుగును, రక్తములో పొటాషియము తగ్గును. సునాముఖి విడువక వాడినచో పొటాషియము తగ్గి, గుండెకు డిజాక్సిన్ వాడువారికి ప్రమాదము. రక్తము పలుచబడుటకు మందు వాడువారికి హిజామా గాట్లు ప్రమాదకరము. శుభ్రము చేయని పరికరముల వలన కామెర్ల వైరసులు వ్యాపించును. సంవత్సరము నిండని బిడ్డకు తేనె పెట్టరాదు. బొటులిజము అను విషవ్యాధి రావచ్చును. కంటికి పెట్టు కుహ్ల్, మన సుర్మా, అనేక రకములలో సీసము కలిగియుండి పిల్లల మెదడునకు హాని చేయును. పసిబిడ్డలకు పట్టు యాన్సూన్ వేరు, అనాస పువ్వు వేరు. అనాస పువ్వు టీ త్రాగిన వారిలో పసిబిడ్డలు సహా కొందరు జబ్బుపడగా, అమెరికా ఆహార ఔషధ సంస్థ 2003 లో దానిని త్రాగవద్దని హెచ్చరించెను. విషపూరితమైన జపాను జాతి అందులో కలిసియుండవచ్చునని అనుమానించిరి.

హందల్ అను చేదుపుచ్చను కొందరు చక్కెర వ్యాధికి వాడుదురు. అది పేగులను గాయపరచి నెత్తురు విరేచనములు కలిగించును. రెండవ రాజుల గ్రంథము 4వ అధ్యాయములో ప్రవక్తల శిష్యులలో ఒకడు పొలములో కోసి తెచ్చి కుండలో వేసిన అడవి కాయలు ఇవియేనని అనేక వ్యాఖ్యానకర్తల అభిప్రాయము. కోసినవాడు చెడ్డవాడు కాడు. కరవు దినములలో తన సహోదరులకు భోజనము సిద్ధపరచుచున్నవాడు. కాని అతడు ఆ కాయలను ఎరుగడు. ఎలీషా అతనిని దూషించినట్లు వ్రాయబడలేదు. కుండలో విషమున్నదని తినుచున్నవారు కేక వేయగలిగిరి గనుక అందరును బ్రదికిరి.

6. ఎందుకు దాచుదురు?

ఆ కేక వేయలేకపోవుటయే నేటి అపాయము. మందు కంటె మందును దాచుట అధిక ప్రమాదకరము.

ఇది అరబ్బుల లోపము మాత్రమే కాదు. డేవిడ్ ఐసెన్‌బర్గ్ బృందము 1993 లో ప్రచురించిన అధ్యయనము ప్రకారము అమెరికను పెద్దలలో 34 శాతము మంది ఒక్క సంవత్సరములో ఏదో ఒక ఆసుపత్రేతర వైద్యమును వాడిరి. వారిలో 72 శాతము మంది ఆ సంగతి తమ వైద్యునికి చెప్పలేదు. సొంత దేశములో, సొంత భాషలో ఉన్నవారే ఇట్లు చేసినప్పుడు, పరదేశులను గూర్చి ఏమి చెప్పగలము?

వలసదారులకు మరికొన్ని కారణములు కలవు. "ఇది ఆహారమే గాని మందు కాదు" అని వారు తలంచుదురు. మీరు ఏ మందులు వాడుచున్నారని అడిగినప్పుడు మెంతుల నీరు వారికి జ్ఞాపకమునకు రాదు. భాష రాదు. ఫెడరల్ ప్రభుత్వ నిధులు పొందు ఆసుపత్రులు ఉచితముగా దుబాసీని ఏర్పరచవలెనని అమెరికా నియమము. అయినను అనేక సార్లు పదియేండ్ల కుమారుడే తల్లి మాటను తర్జుమా చేయును. స్త్రీకి సంబంధించిన సంగతి కుమారుని నోట తల్లి ఎట్లు పలికించును? వీటికి తోడు భయము కలదు. బిడ్డ వీపుమీద హిజామా గుర్తులు చూచి తల్లిదండ్రులు కొట్టిరని అనుమానించుట జరుగుచున్నది. తమ మతము, తమ దేశము అనుమానముతో చూడబడుచున్న సమాజములో తమ అమ్మమ్మ మందును కూడ నవ్వులపాలు చేసికొనుటకు ఎవరు ఇష్టపడుదురు?

ఒక ఉదాహరణ చాలును. గర్భవతిగానో బాలింతగానో తల్లి మెంతుల కషాయము త్రాగినప్పుడు బిడ్డ శరీరము మేపుల్ చెట్టు పాకము వాసన వేయవచ్చును. అదే వాసన గల మూత్రము ఒక ఘోరమైన జన్మవ్యాధికి గుర్తు. ఆ వాసన వలన ఆరోగ్యముగా ఉన్న బిడ్డలకు ఆ వ్యాధి ఉన్నదని అనుమానించిన సంగతులు వైద్య పత్రికలలో నమోదైనవి. "అమ్మా, నీవు ఏమి త్రాగుచున్నావు?" అని ఒక్క ప్రశ్న గౌరవముతో అడిగినయెడల ఆ తల్లికి ఎంత కన్నీరు తప్పును!

7. మా సంఘములో జరిగినది

ఈ సంగతిని పుస్తకములలో చదువక ముందే మా సేవలో మేము నేర్చుకొంటిమి. నేర్చుకొన్న విధము మాకు సిగ్గుకరము. అయినను తోటి సేవకుల మేలు కొరకు చెప్పుచున్నాము.

మేము ఒక గ్రామ సంఘములో ఉన్న దినములలో తాయెత్తులకు విరోధముగా గట్టిగా ప్రసంగించితిమి. ఆ ఉద్రేకములో నాటు మందును కూడ తాయెత్తుతో కలిపి, ఇవి వాడువారికి దేవునియందు విశ్వాసము లేదని చెప్పితిమి. కొన్ని వారములకు మా సంఘములోని ఒక పెద్దావిడ ఆదివారము ఉదయము ఇంటిలో స్పృహ తప్పి పడిపోయెను. ఆమెకు చాలకాలముగా చక్కెర వ్యాధి. ఆసుపత్రిలో ఆమెకు తెలివి వచ్చిన తరువాత, మాత్రలు కాక ఇంకేమైన వాడుచున్నారా అని డాక్టరుగారు అడిగిరి. ఆమె మా ముఖము చూచి, తల త్రిప్పుకొని, ఏమియు లేదనెను.

కోడలు మమ్మును వరండాలోనికి పిలిచి మెల్లగా చెప్పెను: "అయ్యగారూ, మా అత్తగారు రోజూ పొద్దున్నే ఒక పొడి తాగుతున్నారండీ. మీకు తెలిస్తే బల్లకు దూరం చేస్తారని ఎవరితోనూ చెప్పొద్దన్నారు."

డాక్టరుగారికి వెంటనే ఆ మాట చేరవేసితిమి. ఆమె బ్రదికెను. అయితే ఆ మంచము ప్రక్కన ఆమె నోటిని మూసినది రోగము కాదు, మా ప్రసంగము. విగ్రహారాధనను ఖండింపవలసిన చోట మేము ఒక పొడిని ఖండించితిమి. దాని ఫలితముగా ఒక విశ్వాసి సత్యమును చెప్పుటకంటె చచ్చుటయే మేలని తలంచెను. మరియొక రోజున ఆమె ఇంటికి వెళ్లి క్షమాపణ అడిగితిమి.

దీనికి ఎదుటి ప్రక్కన మరియొక తప్పిదము కలదు. ప్రార్థన చేసితిమి గనుక మాత్రలు మానుమని చెప్పు బోధకులు మన మధ్య ఉన్నారు. అదియు ప్రత్యామ్నాయ వైద్యమే. దాని హాని ఏ మూలికకును తీసిపోదు. రుక్యాను నమ్మి ఇన్సులిన్ మానినవానిని గూర్చి నవ్వుటకు ముందు మన స్వస్థత కూటములను మనము పరీక్షించుకొనవలెను.

8. లేఖనముల వెలుగులో

బైబిలులో ఔషధము దేవునికి ప్రతిపక్షము కాదు. హిజ్కియా ప్రార్థన వినబడెను. అంజూరపు పండ్ల ముద్దయు పుండుమీద వేయబడెను (యెషయా 38). మంచి సమరయుడు నూనెను ద్రాక్షారసమును పోసి గాయములు కట్టెను (లూకా 10). పౌలు తిమోతి కడుపు కొరకు సలహా ఇచ్చెను (1 తిమోతి 5). యాకోబు నూనెను ప్రార్థనను కలిపి చెప్పెను (యాకోబు 5). కతోలిక, ఆర్థొడాక్సు అరబ్బు క్రైస్తవుల బైబిలులో ఉన్న సీరాకు గ్రంథము 38వ అధ్యాయము వైద్యుని ఘనపరచవలెననియు, మందులు దేవుడు భూమినుండి కలుగజేసినవనియు బోధించుచున్నది. ఆసా రాజు తప్పిదము వైద్యులయొద్దకు వెళ్లుట కాదు, దేవుని విడిచి వారినే నమ్ముకొనుట (2 దినవృత్తాంతములు 16).

అయితే శక్తి కొరకు మంత్రమును, తాయెత్తును ఆశ్రయించుట వేరు సంగతి. ఎఫెసులో విశ్వాసులు మాంత్రిక గ్రంథములను కాల్చివేసిరి (అపొస్తలుల కార్యములు 19). కాని ఆ అధ్యాయములో క్రమమును గమనించవలెను. వారు మొదట వచ్చి, తాము చేసినవాటిని తామే ఒప్పుకొనిరి. కాల్చుట తరువాత జరిగెను. వారి ఇండ్లలో సోదా చేయబడలేదు. ఒప్పుకొనుటకు వారికి చోటు దొరికెను.

మార్కు సువార్త 5వ అధ్యాయములో రక్తస్రావము గల స్త్రీ అనేక వైద్యులయొద్ద బాధపడి, ఉన్నదంతయు వ్యయపరచినది. ఆమె రహస్యముగా వెనుకనుండి వచ్చెను. యేసు ప్రభువు నిలిచి అడిగెను. ఆమె భయముతో వణకుచు వచ్చి సంగతి అంతయు చెప్పెను. ఆమె రహస్యముగా వచ్చినందుకు ప్రభువు గద్దింపలేదు. ఆమెను కుమార్తె అని పిలిచెను. రోగి నోట సత్యమంతయు వచ్చుటకు ఎట్టి సన్నిధి కావలెనో ఈ భాగము మనకు నేర్పుచున్నది.

9. కాపరికి కొన్ని సూచనలు

మనోవైద్యుడును మానవ శాస్త్రజ్ఞుడునైన ఆర్థర్ క్లైన్‌మన్ తన సహచరులతో కలిసి 1978 లో వ్రాసిన వ్యాసములో, వైద్యుడు రోగి తన రోగమును ఎట్లు అర్థము చేసికొనుచున్నాడో అడుగవలెనని చెప్పి, అందుకు తగిన ప్రశ్నలు సూచించెను. ఆ మార్గములోనే మన పరిచర్యకు తగినట్లు ఈ క్రింది సూచనలు చేయుచున్నాము.

మొదట, మందు అని అడుగక ఇంటిని గూర్చి అడుగుడి. "ఇట్టి జబ్బు వచ్చినప్పుడు మీ అమ్మగారు ఏమి చేసెడివారు? ఇప్పుడు ఇంటిలో ఏమి కాచి ఇచ్చుచున్నారు? ఈ జబ్బు ఎందుకు వచ్చినదని మీరు అనుకొనుచున్నారు? దేనికి భయపడుచున్నారు?" అట్లు అడిగినప్పుడు నోరు తెరచుకొనును.

రెండవది, విన్న సంగతిని మూడుగా విభజించుడి. ఆహారము వంటిది అయినచో వదిలివేయుడి. శరీరమునకు హాని చేయగలది అయినచో రోగి సమ్మతితో వైద్యునికి తెలియజేయుడి. సీసాను, పొట్లమును ఆసుపత్రికి తీసికొని పోవుమని చెప్పుడి. విశ్వాసమునకు సంబంధించినది అయినచో, అతడు మన సంఘస్థుడైతే తగిన సమయమందు ప్రేమతో బోధించుడి. మంచము ప్రక్కన తీర్పు తీర్చకుడి.

మూడవది, "మానివేయుము" అను మాట మీరు చెప్పకుడి. మూలికను గాని మాత్రను గాని మానుమని చెప్పుట వైద్యుని పని.

నాలుగవది, ముస్లిము రోగి బలహీనతను మన బోధకు అవకాశముగా వాడుకొనరాదు. అతడు కోరినచో ప్రార్థించుడి. దుబాసీ, స్త్రీలకు స్త్రీ వైద్యురాలు కావలెనని అడుగుటలో సహాయము చేయుడి. రమదాను ఉపవాసములో మాత్రల వేళలు మార్చుకొనుచున్నారేమో ముందుగానే వైద్యునితో మాట్లాడుమని చెప్పుడి. రోగికి ఉపవాసము నుండి మినహాయింపు ఖురానులోనే కలదని వారికి తెలియును; అయినను అనేకులు ఉపవాసముండుటకు ఇష్టపడుదురు.

ముగింపు

పరదేశమునకు వెళ్లినవాడు ఇల్లు, పొలము, సమాధులు విడిచి వెళ్లును. తీసికొని పోగలిగినది ఒక చిన్న సంచి. ఆ సంచిలో అమ్మ కట్టి ఇచ్చిన మరమియ్యా ఆకుల పొట్లము ఉన్నయెడల అది మందు మాత్రమే కాదు, అమ్మ చేయి కూడ. దానిని నవ్వినవానికి అతడు మరేమియు చూపడు. దానిని చేతిలోనికి తీసికొని వాసన చూచి, "ఇది దేనికి వాడుదురు?" అని అడిగినవానికి సంచియంతయు విప్పి చూపును. అందులో మేలు చేయునది ఉండవచ్చును, చంపునదియు ఉండవచ్చును. విప్పితే గాని తెలియదు.

డియర్‌బోర్న్‌లోని ఆసుపత్రికిని మన గ్రామ సంఘమునకును ఈ విషయములో భేదము లేదు. ఈ వారము మీరు దర్శింపబోవు రోగి మంచము ప్రక్కన ప్రార్థనకు ముందు ఆ ప్రశ్న అడుగుడని తోటి సేవకులను వేడుకొనుచున్నాము.